ముందు పరుగెత్తి దారి వేసినవాడు: క్రిస్ బ్రాషర్

వార్షిక క్రీడోత్సవానికి వారం ముందు మన బడి మైదానంలో ఏటా ఒకే దృశ్యం కనిపిస్తుంది. సాయంత్రం నాలుగు గంటలకు పిల్లలంతా వంతులవారీగా పరుగులు సాధన చేస్తుంటారు. ఒక హౌస్ కెప్టెన్ మాత్రం సున్నం బకెట్టు, తాడు, మేకులు పట్టుకొని ట్రాకు గీతలు గీస్తుంటాడు. వంపు దగ్గర గీత వంకర పోతే చెరిపి మళ్ళీ గీయాలి. ఎనిమిది వరుసలూ పూర్తయ్యేసరికి చీకటి పడుతుంది. అతను పేరిచ్చిన 800 మీటర్ల సాధన ఆ రోజుకు లేనట్టే.

పోయిన ఏడాది అలాంటి ఒక కుర్రాడు చేతులకు సున్నంతోనే నా దగ్గరికి వచ్చి ఒక మాట అడిగాడు. దారి వేసేవాడు పరుగులో వెనకబడిపోవడం న్యాయమేనా అని అతని సందేహం. అప్పటికప్పుడు నాకు జవాబు తోచలేదు. తర్వాత క్రిస్ బ్రాషర్ గుర్తొచ్చాడు. ఆయన జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. మరొకరి పరుగు కోసం ముందు పరుగెత్తాడు. తన పరుగు తాను పరుగెత్తి ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. ఆ తర్వాత అడవుల్లో, నగర వీధుల్లో వేలమంది పరుగెత్తేందుకు దారులు ఏర్పరిచాడు. ఆయన కథ ఆ కుర్రాడికి సగమే చెప్పగలిగాను. మిగతా సగం కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

బ్రాషర్ 1928 ఆగస్టు 21న దక్షిణ అమెరికాలోని జార్జిటౌన్‌లో పుట్టాడు. అది అప్పట్లో బ్రిటిష్ గయానా రాజధాని, ఇప్పుడు గయానా దేశానికి రాజధాని. తండ్రి వలస ప్రభుత్వ కొలువులో ఉన్న ఇంజనీరు. బదిలీ ఉత్తర్వు వస్తే పెట్టెలు సర్దుకొని బయలుదేరే ఇళ్ళు మీకు నేను వర్ణించి చెప్పనక్కర్లేదు. మీలో సగం మంది నాలుగో తరగతి ఒక రాష్ట్రంలో, ఆరో తరగతి మరో రాష్ట్రంలో చదివినవాళ్ళే. బ్రాషర్‌ని మాత్రం చిన్నప్పుడే ఇంగ్లండ్‌లో హాస్టల్ బడికి పంపించారు. ఆ తర్వాత రగ్బీ స్కూల్, అక్కడి నుంచి కేంబ్రిడ్జిలో సెయింట్ జాన్స్ కాలేజీ.

కేంబ్రిడ్జిలో ఆయనకు రెండు పిచ్చిలు పట్టుకున్నాయి. ఒకటి పరుగు, రెండోది కొండలెక్కడం. కొండలెక్కేవాళ్ళకు కాళ్ళు బలంగా ఉంటాయి కానీ వేగం తగ్గుతుందని ట్రాకు మనుషులు అనుకుంటారు. ట్రాకు మీద పరుగెత్తేవాళ్ళకు దారి తెలియదని కొండ మనుషులు నవ్వుతారు. బ్రాషర్ ఈ రెండు జట్లలోనూ ఉన్నాడు. అందుకే కాబోలు, ఆయన ఎంచుకున్న పోటీ కూడా చదునైన పరుగు కాదు.

ఆ పోటీ పేరు స్టీపుల్‌ఛేజ్. 3000 మీటర్ల దూరంలో 28 సార్లు అడ్డుకర్రలు దాటాలి, మరో ఏడు సార్లు నీటిగుంట మీదుగా దూకాలి. మూడడుగుల ఎత్తున్న ఆ కర్రలు మామూలు హర్డిల్స్‌లా తగిలితే పడిపోవు. అవి గట్టిగా నిలబడి ఉంటాయి, తగిలితే పడేది మనమే. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఈ పోటీ ఫైనల్లో బ్రాషర్‌కు దక్కింది 11వ స్థానం. అదే పరుగులో ఆయన స్నేహితుడు, వేల్స్‌కు చెందిన జాన్ డిజ్లీ కంచు పతకం గెలిచాడు. ఈ డిజ్లీ పేరు గుర్తుంచుకోండి, కథలో చివరిదాకా ఉంటాడు.

ఆ రోజుల్లో పరుగు ప్రపంచమంతా ఒకే ఒక్క అంకె గురించి మాట్లాడుకునేది. మైలు దూరాన్ని, అంటే సుమారు 1609 మీటర్లను, నాలుగు నిమిషాల లోపు ఎవరు పూర్తి చేస్తారు? ఆస్ట్రేలియాలో జాన్ లాండీ, అమెరికాలో వెస్ శాంటీ, ఇంగ్లండ్‌లో వైద్య విద్యార్థి రోజర్ బానిస్టర్ ఆ ప్రయత్నంలో ఉన్నారు. బానిస్టర్‌కు ఒంటరిగా అది సాధ్యం కాదు. మొదటి రెండు చుట్లు సరైన వేగంతో ముందు పరుగెత్తేవాడు ఒకడు కావాలి. గాలిని ముందు తాను తీసుకొని, వెనకవాడు ఆలోచించే పని లేకుండా చేసేవాడు. అతన్నే పేస్‌మేకర్ అంటారు. ఆ పని బ్రాషర్ ఒప్పుకున్నాడు.

మొదటి ప్రయత్నం అంత గౌరవంగా సాగలేదు. 1953 జూన్‌లో లండన్ దగ్గర మోట్‌స్పర్ పార్క్‌లో ఒక పరుగు పెట్టారు. ఒకరు మొదటి భాగంలో బానిస్టర్‌కు ముందు పరుగెత్తారు. బ్రాషర్ వెనక నెమ్మదిగా జాగింగ్ చేస్తూ, బానిస్టర్ తనను ఒక చుట్టు దాటి వచ్చేదాకా ఆగి, అప్పుడు వేగం పెంచి చివరి భాగం అతని ముందు పరుగెత్తాడు. సమయం 4 నిమిషాల 2 సెకన్లు. కానీ బ్రిటిష్ అథ్లెటిక్స్ సంఘం దాన్ని రికార్డుగా ఒప్పుకోలేదు. నిజమైన పోటీలో అందరూ గెలవాలని పరుగెత్తాలి గాని, ఒకడు దారి మధ్యలో కాచుకొని కూర్చోవడమేమిటని వాళ్ళ అభ్యంతరం. నా మటుకు సంఘం చెప్పిందే సబబు అనిపిస్తుంది. దారి చూపేవాడు కూడా మొదటి అడుగు నుంచి పరుగులోనే ఉండాలి.

దానితో బ్రాషర్‌కు పని కష్టమైంది. ఈసారి గీత దగ్గర నుంచే ముందుండాలి. ఆయన అసలు పోటీ మైలు కాదు, స్టీపుల్‌ఛేజ్. ఆయన శరీరానికి ఆ వేగం హద్దు మీదుంది. పైగా అప్పటికి ఆయన ఒక చమురు కంపెనీలో ఉద్యోగి. ఉద్యోగం, తన స్టీపుల్‌ఛేజ్ సాధన, బానిస్టర్ కోసం మైలు సాధన అన్నీ ఒకే వారంలో ఇమడాలి.

1953-54 శీతకాలంలో బానిస్టర్, బ్రాషర్, క్రిస్ చాటవే అనే ముగ్గురూ కలిసి సాధన చేశారు. సలహా చెప్పింది వియన్నాలో పుట్టిన కోచ్ ఫ్రాంజ్ స్టాంఫ్ల్. పద్ధతి చూడటానికి సులువే. పావు మైలు, అంటే ట్రాకు మీద ఒక చుట్టు, పది సార్లు పరుగెత్తాలి. ఒక్కో చుట్టు తర్వాత రెండు నిమిషాల విరామం. డిసెంబరులో ఒక చుట్టుకు 66 సెకన్లు పట్టేది. వారాలు గడిచేకొద్దీ తగ్గుతూ 61 దాకా వచ్చింది. అక్కడ బండి ఆగిపోయింది. ఏప్రిల్‌లో ఎంత గింజుకున్నా 61 దిగడం లేదు. నాలుగు నిమిషాల లోపు మైలు కావాలంటే చుట్టుకు 60 లోపు రావాలి కదా.

అప్పుడు వాళ్ళు చేసిన పని ఏ కోచ్ పుస్తకంలోనూ ఉండదు. బానిస్టర్, బ్రాషర్ కారెక్కి స్కాట్లండ్‌లోని గ్లెన్‌కో లోయకు వెళ్ళి మూడు రోజులు రాళ్ళెక్కారు. ట్రాకు లేదు, గడియారం లేదు. సమయానికి తిండి, నిద్ర కూడా లేవు. కాలు జారితే ఏడాది శ్రమ మట్టిపాలయ్యేది. తిరిగి వచ్చి, కొద్ది రోజులు సేదతీరి, మళ్ళీ పది చుట్లు పరుగెత్తారు. ఒక్కో చుట్టు 59 సెకన్లు!

ఇందులో మాయ ఏమీ లేదు. నెలల తరబడి ఒకే రకం శ్రమకు అలసిన కండరాలకు వేరే పని దొరికింది, మనసుకు అంకెల నుంచి విముక్తి దొరికింది. అయినా మీరు పరీక్షకు మూడు రోజుల ముందు కొండలెక్కడానికి దీన్ని సాకుగా వాడుకోకండి. వాళ్ళ వెనక ఆరు నెలల సాధన ఉంది.

1954 మే 6, సాయంత్రం ఆరు గంటలు, ఆక్స్‌ఫర్డ్‌లోని ఇఫ్లీ రోడ్ ట్రాకు. గాలి బలంగా ఉంది. దగ్గరి చర్చి మీద జెండా రెపరెపలాడుతుంటే బానిస్టర్ చివరి అరగంట దాకా పరుగెత్తాలో వద్దో తేల్చుకోలేదు. జెండా కాస్త వాలగానే సరేనన్నాడు. గీత దగ్గర బ్రాషర్ తుపాకీ పేలకముందే కదిలాడు. ఫాల్స్ స్టార్ట్! అందరినీ వెనక్కి పిలిచారు. అసలు పరుగెత్తాల్సినవాడికంటే దారి చూపాల్సినవాడికే గుండె ఎక్కువ కొట్టుకుందేమో ఆ క్షణాన.

రెండోసారి సరిగ్గా బయలుదేరారు. మొదటి చుట్టులోనే బానిస్టర్‌కు వేగం చాలడం లేదనిపించింది. ఇంకా వేగంగా వెళ్ళమని వెనక నుంచి అరిచాడు. బ్రాషర్ వేగం మార్చలేదు. అరుపు వినిపించిందో లేదో గాని, తన కాళ్ళు చెబుతున్న లెక్కనే నమ్మాడు. ఆ మొదటి చుట్టు 57.5 సెకన్లలో పూర్తయింది. అరుపు విని వేగం పెంచి ఉంటే రెండో చుట్టుకే ఇద్దరూ చతికిలబడేవాళ్ళు. సగం దూరం 1 నిమిషం 58 సెకన్లు. మూడో చుట్టులో బ్రాషర్ అలసిపోగానే చాటవే ముందుకొచ్చాడు. చివరి చుట్టులో బానిస్టర్ అతన్ని దాటి గీతను తాకాడు. 3 నిమిషాల 59.4 సెకన్లు.

ఆ ఫోటో మీరు ఎక్కడో చూసే ఉంటారు. కళ్ళు మూసుకొని, తల వెనక్కి వాల్చి రిబ్బను తెంపుతున్న పొడవాటి మనిషి. ఆ చిత్రంలో బ్రాషర్ కనిపించడు. అప్పటికి ఆయన చాలా వెనక ఉన్నాడు. మొదటి రెండు చుట్లకే తన దగ్గరున్నదంతా ఖర్చు చేసేశాడు.

ఆ తర్వాత రెండేళ్ళు బ్రాషర్ తన పరుగు మీదే దృష్టి పెట్టాడు. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన బ్రిటన్ స్టీపుల్‌ఛేజ్ జట్టులో ముగ్గురుంటే, ఆయన మూడోవాడు. ఆశలన్నీ డిజ్లీ మీద, ఎరిక్ షర్లీ మీద ఉన్నాయి. 1956 నవంబరు 29న ఫైనల్. చివరి చుట్టులో, ఇంకా మూడు వందల గజాలు ఉండగా, బ్రాషర్ ముందున్నవాళ్ళను దాటి దూసుకుపోయాడు. హంగరీ రన్నర్ శాండర్ రోజ్ఞోయి కంటే రెండు సెకన్లకు పైగా ముందు గీత దాటాడు. 8 నిమిషాల 41.2 సెకన్లు, ఒలింపిక్ రికార్డు.

కొద్దిసేపటికే మైకులో ప్రకటన వచ్చింది. బ్రాషర్ అనర్హుడు, విజేత రోజ్ఞోయి! చివరి చుట్టులో ఒక అడ్డుకర్ర దగ్గర నార్వే రన్నర్ ఎర్న్‌స్ట్ లార్సెన్‌కు దారి అడ్డం వచ్చాడని ఆరోపణ. బ్రాషర్ అప్పీలు చేశాడు. తగిలిన మాట నిజమేనని దాచలేదు, కావాలని కాదన్నాడు. మూడు గంటలపాటు విచారణ నడిచింది. ఇక్కడ మీరు గమనించవలసింది ఆ ముగ్గురు ప్రత్యర్థులను. తగిలించుకున్న లార్సెన్, అప్పటికి స్వర్ణం చేతికొచ్చిన రోజ్ఞోయి, నాలుగో స్థానంలో ఉండి బ్రాషర్ తొలగితే కంచు దక్కించుకోగల జర్మన్ హైంజ్ లాఫర్. ముగ్గురూ బ్రాషర్ పక్షాన నిలిచారు. అది పరుగుకు ఆటంకం కాలేదని చెప్పారు. జ్యూరీ ఏకగ్రీవంగా నిర్ణయం మార్చింది. డిజ్లీకి ఆరో స్థానం దక్కింది.

అప్పటికి బ్రాషర్ వయసు 28. పెద్ద పోటీల ట్రాకు నుంచి అక్కడే తప్పుకున్నాడు. ది అబ్జర్వర్ పత్రికలో క్రీడా సంపాదకుడిగా చేరాడు, తర్వాత బీబీసీ టెలివిజన్‌కు వెళ్ళాడు. 1959లో టెన్నిస్ క్రీడాకారిణి షర్లీ బ్లూమర్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఆమె అప్పటికే ఫ్రెంచ్ చాంపియన్. ఇంట్లో పతకాల విషయంలో ఎవరూ ఎవరికీ తీసిపోరన్నమాట.

పత్రికలో చేరిన ఏడాదే, 1957లో, నార్వేలో ఒక విచిత్రమైన ఆటలో పాల్గొని దాని గురించి అబ్జర్వర్‌లో రాశాడు. ఆ ఆటకు ఇంగ్లీషులో ఏమని పేరు పెట్టాలో కూడా అప్పటికి తెలియదు. అదే ఓరియంటీరింగ్.

మన స్కౌట్స్, గైడ్స్ పిల్లలకు దీని రుచి కొంత తెలుసు. చేతిలో పటం, దిక్సూచి. అడవిలో అక్కడక్కడా దాచిన గుర్తులు ఉంటాయి, వాటిని కంట్రోల్స్ అంటారు. ఒకదాని తర్వాత ఒకటి వరుసగా వెతికి పట్టుకొని, అందరికంటే ముందు చివరి గుర్తు చేరాలి. దారి ఎవరూ గీయరు. ఒక కంట్రోల్ నుంచి మరోదానికి కొండ మీదుగా అడ్డంగా వెళ్ళాలా, చుట్టూ తిరిగే కాలిబాట పట్టాలా అన్నది నీ ఇష్టం. బుర్ర చెప్పే వేగానికి కాళ్ళు, కాళ్ళు పోయే వేగానికి బుర్ర సరిపోవాలి. స్వీడన్‌లో ఎర్న్‌స్ట్ కిల్లాండర్ అనే సైనికాధికారి 1919 మార్చి 25న స్టాక్‌హోమ్ దక్షిణాన రెండు వందల మందికి పైగా యువకులను పోగుచేసి పెట్టిన పోటీతో ఇది పెద్ద ఆటగా రూపు దిద్దుకుంది. కుర్రాళ్ళు ట్రాకు పరుగులంటే మొహం తిప్పుకుంటున్నారని ఆయన బెంగ. అందుకే అడవిని మైదానం చేశాడు.

1960ల మధ్యలో బ్రాషర్, డిజ్లీ ఈ ఆటను దక్షిణ ఇంగ్లండ్‌కు, లండన్ పక్కనున్న సర్రే కొండలకు తెచ్చారు. అంతకుముందే స్వీడన్ నుంచి వచ్చిన లాగెర్‌ఫెల్ట్ 1962లో స్కాట్లండ్‌లో పోటీ నడిపాడు. సర్రే పోటీలకు గోర్డన్ పిరీ, మార్టిన్ హైమన్, బ్రూస్ టల్లో వంటి పేరున్న రన్నర్లు వచ్చారు. ట్రాకు మీద గడియారాన్ని భయపెట్టినవాళ్ళు అడవిలో పొదల మధ్య దారి తప్పి, పిల్లల కంటే వెనక వచ్చిన సందర్భాలు ఈ ఆటలో కొత్తేమీ కాదు. 1967లో బ్రిటిష్ ఓరియంటీరింగ్ ఫెడరేషన్ ఏర్పడింది. మొదటి చైర్మన్ బ్రాషర్.

మొదట్లో అడిగిన ప్రశ్నకు ఇక్కడే అసలు చోటు. ఈ ఆటలో కోర్సు వేసేవాడు ఆ కోర్సులో పోటీ చేయకూడదు. కంట్రోల్ ఎక్కడుందో అతనికి ముందే తెలుసు కాబట్టి అది న్యాయం కాదు. అంటే సున్నం గీతలు గీసిన మన కెప్టెన్ కంటే ఇతని పరిస్థితి కష్టం. సాధన పోవడమే కాదు, పోటీ కూడా పోతుంది.

కోర్సు వేయడం ఒక పూట పని అనుకోకండి. ముందు బల్ల మీద పటం పరిచి పెన్సిలుతో గుర్తులు పెడతారు. వాగు మలుపు, ఒంటరి బండ, గుంట, కంచె మూల. తర్వాత అడవికి వెళ్ళి ఒక్కో చోటు కళ్ళారా చూడాలి. పటంలో ఉన్న కాలిబాట నేల మీద ఉండకపోవచ్చు. ముళ్ళపొదలు పెరిగిపోయి ఉండవచ్చు. ప్రతి చోటా ఒక రిబ్బను కట్టి వస్తారు. వేరొకరు వెళ్ళి అది సరైన చోటేనా అని సరిచూస్తారు. పోటీ రోజు తెల్లవారుజామున అన్ని కంట్రోల్స్ వేలాడదీయాలి. అందరూ ఇళ్ళకు వెళ్ళాక మళ్ళీ తిరిగి అవన్నీ ఏరుకు రావాలి. ఆ కాలంలో పోటీదారుల చేతికి నలుపు తెలుపు పటం ఇచ్చేవారు. గడియారం నడుస్తుండగానే, బోర్డు మీద పెట్టిన మాస్టర్ మ్యాపు చూసి ఎర్ర పెన్నుతో ఎవరి వృత్తాలు వాళ్ళు గీసుకోవాలి. తొందరలో వృత్తం అరంగుళం పక్కకు పోతే, లేని కంట్రోల్ కోసం అరగంట తిరగాల్సిందే.

ఇంత తిరుగుడులో కాళ్ళకు పని దొరకదా అంటే, దొరుకుతుంది గాని కావలసిన పని కాదు. పది అడుగులు నడిచి ఆగడం, పటం చూడడం, వెనక్కి రావడం. గుండె వేగం పెరగదు. శీతకాలంలో ఇలా నాలుగు వారాంతాలు గడిస్తే పది చుట్ల సాధన చేసినవాడి కాళ్ళలోని పదును మొద్దుబారుతుంది. అందుకే తెలివైనవాళ్ళు రెండు పనులూ ఒకే రోజు కలపరు. కంట్రోల్ చూసే రోజు నెమ్మదిగా తిరిగే రోజు, వేగం సాధన వేరే రోజు. క్లబ్బులో వంతులు వేసుకుంటారు. ఈ నెల నేను కోర్సు వేస్తే నువ్వు పరుగెత్తు, వచ్చే నెల నువ్వు వేయి, నేను పరుగెత్తుతాను. ఒక్కడే ప్రతిసారీ కోర్సు వేస్తుంటే ఆ క్లబ్బు ఎక్కువ కాలం బతకదు, వాడి పరుగూ బతకదు.

అలాగని నష్టమే కాదు. కోర్సు వేసినవాడు మరుసటి పోటీలో పరుగెత్తేటప్పుడు పటాన్ని చూసే కన్ను వేరుగా ఉంటుంది. వేసినవాడు ఇక్కడ నన్ను ఎటు లాగాలని చూస్తున్నాడు అని ఆలోచిస్తాడు. గ్లెన్‌కో రాళ్ళు బానిస్టర్ కాళ్ళకు చేసిన మేలులాంటిదే ఇదీ. బయటికి సాధనలా కనిపించదు.

బ్రాషర్ జీవితాన్ని దూరం నుంచి చూస్తే నాకు ఆ వంతులే కనిపిస్తాయి. 1954లో ఇతరుల కోసం, 1956లో తన కోసం, ఆ తర్వాత మళ్ళీ ఇతరుల కోసం. స్వర్ణం వచ్చాకే అడవిలో కోర్సుల పనికి దిగాడు కాబట్టి ఆయన పోగొట్టుకున్నది తక్కువే అని మీరు వాదించవచ్చు. నిజమే. ఇరవై ఏళ్ళ కుర్రాడు ఆ పని చేయడం వేరు, ఒలింపిక్ విజేత చేయడం వేరు. అయితే 1954 నాటికి ఆయన చేతిలో ఏ ఒలింపిక్ పతకమూ లేదన్నది కూడా నిజమే.

ఇక మిగిలింది నగరం. రిచ్‌మండ్ ప్రాంతంలో ఆయన పరుగెత్తే రేనెలాగ్ హారియర్స్ క్లబ్బు సభ్యులు కొందరు 1978లో న్యూయార్క్ మారథాన్‌కు వెళ్ళొచ్చి దాని గురించి కథలుగా చెప్పారు. మరుసటి ఏడాది బ్రాషర్, డిజ్లీ స్వయంగా వెళ్ళి ఆ మారథాన్ పరుగెత్తి వచ్చారు. వేలమంది సామాన్యులు, వాళ్ళను కేకలేసి ప్రోత్సహించే లక్షల జనం. అలాంటిది లండన్‌లో ఎందుకు ఉండకూడదని అబ్జర్వర్‌లో రాశాడు. రాసి ఊరుకోలేదు. పోలీసులు, నగర పాలకులు, డబ్బిచ్చే కంపెనీ, ఇలా అందరి గుమ్మాలూ తొక్కాడు. ముక్కుసూటి మనిషి, కోపం కూడా త్వరగా వచ్చేది. అలాంటివాళ్ళతో పనిచేయడం కష్టం గాని, మూసిన రోడ్లు తెరిపించాలన్నా, తెరిచిన రోడ్లు మూయించాలన్నా అలాంటివాళ్ళే కావాలేమో.

దారి వేసింది మాత్రం డిజ్లీ. 42.195 కిలోమీటర్లు ఒక మహానగరం మధ్యలో సర్దాలి, ఊరు స్తంభించకూడదు. అతను అడవిలో నేర్చిన కన్నుతోనే లండన్ పటాన్ని చూశాడు. థేమ్స్ నది ఒడ్డులే పట్టుకుపోతే అడ్డం వచ్చే వీధులు తక్కువ. గ్రీనిచ్ పార్క్ దగ్గర మొదలుపెట్టి, టవర్ బ్రిడ్జి మీద నది దాటి, రాజభవనం పక్కన కాన్‌స్టిట్యూషన్ హిల్ దగ్గర ముగించాడు.

1981 మార్చి 29, వాన పడుతున్న ఉదయం. దరఖాస్తు చేసిన సుమారు 20,000 మందిలో 7,747 మందికి అవకాశం ఇచ్చారు. అమెరికాకు చెందిన డిక్ బియర్డ్‌స్లీ, నార్వేకు చెందిన ఇంగె సిమొన్సెన్ చేయీ చేయీ పట్టుకొని ఒకేసారి గీత దాటారు. వాళ్ళ వెనక వస్తూనే ఉన్నారు జనం, 6,255 మంది పూర్తి చేశారు. ఆ గుంపులో నంబరు కట్టుకొని, తడిసి ముద్దయి పరుగెత్తుతున్న 52 ఏళ్ళ మనిషి ఒకడు ఆ పోటీ నిర్వాహకుడే. అడవిలో అయితే నియమం ఒప్పుకునేది కాదు. రోడ్డు మీద దారి అందరికీ కనిపిస్తూనే ఉంటుంది, తెలిసినందువల్ల కలిగే లాభం లేదు. నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగి కూడా ఆయన తన సాధన వదల్లేదని గడియారమే చెప్పింది. బ్రాషర్ మూడు గంటల లోపే పూర్తి చేశాడు.

ఆ తర్వాత సంగతులు త్వరగా చెప్పేస్తాను. కొండల్లో నడిచేవాళ్ళ కోసం రన్నింగ్ బూట్లలా తేలికైన బూటు తయారు చేయించాడు, అది ఆయన పేరుతోనే అమ్ముడైంది. 1983లో అడవి ప్రదేశాల రక్షణకు జాన్ మ్యూర్ ట్రస్టును స్థాపించినవారిలో ఒకడయ్యాడు. 1995 దాకా లండన్ మారథాన్‌ను నడిపాడు. తర్వాతి కాలంలో ఆయన కొడుకు హ్యూ అదే మారథాన్‌కు డైరెక్టర్ అయ్యాడు. డిజ్లీ 2016 దాకా జీవించాడు.

బ్రాషర్ 2003 ఫిబ్రవరి 28న, 74 ఏళ్ళ వయసులో చనిపోయాడు. ఆరు వారాల తర్వాత, ఏప్రిల్ 13న, లండన్ మారథాన్ ఎప్పటిలాగే జరిగింది. ఆ రోజు పౌలా రాడ్‌క్లిఫ్ 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో పూర్తి చేసి మహిళల ప్రపంచ రికార్డు నెలకొల్పింది. టీవీలో చూసినవాళ్ళంతా ఆమెనే చూశారు. ఆమె పక్కన, అడుగులో అడుగేస్తూ ఇద్దరు కెన్యా కుర్రాళ్ళు కూడా పరుగెత్తారు. పేస్‌మేకర్లు.